మేకుకు మిగిలిన క్యారియరు

ఆయన పోయాడని ఫోన్లో వినగానే నేను చేసిన మొదటి పని వంటింట్లోకి వెళ్లి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూడటం. కట్టేసే ఉంది. రెండడుగులు వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లి వేలితో తాకి చూశాను. మజ్జిగ చిలుకుతున్న మా ఆవిడ తలెత్తి "ఎవురు పోయినారు?" అని అడిగింది. నేనింకా ఏమీ చెప్పనే లేదు. ఇన్నేళ్ల కాపురంలో నా చేతులు చూసి నా మనసులోది చెప్పేయడం ఆమెకు అలవాటైపోయింది.

"చిత్తూరు సారు" అన్నాను.

ఆమె కవ్వం ఆపింది. "ఆయన అంటించిపోయిన రోగమే కదా నీకు ఇది" అంది. తిట్టినట్టే అంది గాని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

రోగమన్నా తప్పులేదు. ఆయన దగ్గర రెండేళ్లు పనిచేసినవాడెవడూ తాళం వేసిన తలుపును ఒక్కసారి లాగి ఊరుకోడు. ఆయన రోజుకు ఇరవైసార్లు అడిగే ప్రశ్న ఒకటుండేది. "ఫలానాది ఆపినాం సార్" అంటే చాలు, కళ్లద్దాల పైనుంచి చూసి, "సూసినావా, అనుకున్నావా?" అనేవాడు. గొంతు పెంచేవాడు కాదు. అడిగి, మన జవాబు కోసం నిజంగా ఎదురుచూసేవాడు. చూశాను అనడానికీ అనుకున్నాను అనడానికీ మధ్య మనం ఎన్ని అబద్ధాలు ఆడతామో ఆ ఎదురుచూపులో తెలిసేది.

వడమాలపేట దాటి పుత్తూరు వైపు పోయే దారిలో ఒక చిన్న కరెంటు సబ్‌స్టేషన్. పేరు చెప్పను. నేను కాంట్రాక్టు మీద ఆపరేటరుగా చేరేనాటికి అక్కడి పెద్ద ఆపరేటరైన ఆయన రిటైర్మెంటుకు రెండేళ్ల దూరంలో ఉన్నాడు. చిత్తూరు నుంచి బస్సులో వచ్చేవాడు. రెండింటి షిఫ్టుకు ఒంటిగంటకే దిగేవాడు. చెవి మీద పెన్సిలు, చేతిలో గుడ్డసంచి, మొహం నిండా ఏదో మర్చిపోయినవాడి దిగులు. చేరిన రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, వైర్ల గురించి గానీ ఓల్టుల గురించి గానీ ఒక్క మాట అడక్కుండా, "అనంతాన్ని సున్నాతో గుణిస్తే ఎంత?" అన్నాడు.

నేను ఐటీఐ చదివినవాణ్ని. లెక్కలతో నాకున్న పరిచయం పదో తరగతి దాకానే. అయినా ఇది తెలియని ప్రశ్న కాదనిపించింది. "సున్నా సార్" అన్నాను.

"ఎందుకు?"

"సున్నాతో దేన్ని గుణించినా సున్నానే కదా సార్."

"దేన్నైనా అంటే, అంకెల్లో దేన్నైనా అని. అనంతం అంకె అని నీకెవురు చెప్పినారు?" అని, చెవి మీది పెన్సిలు తీసి పుస్తకంలో ఏదో రాసుకుని, "ఇంకో నెల దాకా నువ్వు ఒంటిగా బ్రేకరు ముట్టుకోవద్దప్పా" అన్నాడు. లైన్లకు కరెంటు వదిలేదీ ఆపేదీ ఆ బ్రేకరుతోనే.

నాకు అవమానమైంది. మిగతా ఆపరేటర్లు పగలబడి నవ్వారు. ప్రతి కొత్తవాడికీ ఇదే పరీక్షట. ఆయన డిగ్రీలో లెక్కలు చదివాడనీ, ఆఖరి పరీక్షకు పోతూ ఇంటికి తాళం వేశానో లేదోనని సగం దారిలో బస్సు దిగి వెనక్కి పోయాడనీ, తాళం వేసే ఉందనీ, పరీక్ష మాత్రం పోయిందనీ ఒక కథ చెప్పేవాళ్లు. నిజమో కాదో నాకు తెలియదు. నిజమైతే మాత్రం ఆశ్చర్యం లేదు. చిత్తూరులో వాళ్లింటికి పోతే వాళ్లావిడ ఆయన ముందే, "చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు" అని సామెత చెప్పి, మాకు కాఫీ గ్లాసులు అందించేది. ఆయన కాదనేవాడు కాదు. గ్లాసు పట్టుకుని పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తుండేవాడు. అది ఆగిపోతే చాలు, వాచీ చూసి, "ఒంటిగంటా ఏడు" అని గొణిగేవాడు. ఆ ఇంటికి కరెంటొచ్చే లైను మా సబ్‌స్టేషన్ ఫీడరు కూడా కాదు.

గంటగంటకూ మేం ఒక కాగితంలో ఏ లైనులో ఎంత కరెంటు పోతోందో రాయాలి. లైను ఆపి ఉంటే అందరం సున్నా రాసేవాళ్లం. ఆయన మాత్రం అడ్డగీత గీసేవాడు. "సున్నా అంటే సూసినాము, ఏమీ లేదు అని. ఆపినప్పుడు నువ్వు ఏం సూసినావు? సూసేదానికి ఆడ ఏముండాది?" అనేవాడు. పై ఆఫీసు నుంచి వచ్చిన మనిషి ఆ గీతలు చూసి ఒకసారి కసురుకున్నాడు. ఆయన తలూపి, మరుసటి గంట మళ్లీ గీతే గీశాడు.

ఆ లెక్క సంగతి ఆయన నాకు విప్పి చెప్పింది ఒక మామిడికాయతో. వేసవిలో మా రోడ్డు మీద మామిడి లోడు లారీలు నడుస్తూనే ఉంటాయి. గుంతలో చక్రం పడ్డప్పుడల్లా నాలుగు కాయలు రాలతాయి. అలా రాలిన బెంగుళూరా కాయ ఒకటి వాచ్‌మన్ తాత తెచ్చి బల్ల మీద పెడితే, ఆయన దాన్ని బ్లేడుతో రెండుగా కోశాడు.

"ఇది ఒక కాయ. ఇద్దురొస్తే సగం సగం. నలుగురొస్తే తలా పావు. జనం వస్తానే ఉండారు, ముక్క సన్నమవుతానే ఉండాది. జనం అనంతానికి పోతాండారు, ముక్క సున్నాకి పోతాండాది. ఇప్పుడు గుణించు. అందురి ముక్కలూ కలిపితే ఎంత?"

"ఒక కాయే కదా సార్."

"మరి ఆ పొద్దు సున్నా అంటివే."

ఆయన ఉత్సాహంగా ముందుకు వంగాడు.

"సరే, పంచేవోడు పిసినిగొట్టోడు అనుకో. ఇద్దురొస్తే సగం కాదు, పావు ఇస్తాడు. నలుగురొస్తే పదహారో వంతే ఇస్తాడు. అప్పుడు కలిపి సూస్తే సున్నా వైపు పోతాది. ఇంకోడు దాత. నూరు మంది వస్తే పదో వంతు, పదివేల మంది వస్తే నూరో వంతు పెడతాడు. వాడికి కాయలు తెచ్చి పోస్తానే ఉండాల, అంతుండదు. మూడిండ్లలోనూ వచ్చిన జనం అనంతమే, పెట్టిన ముక్క సున్నాకి పోయేదే. ఒక ఇంట్లో ఒక కాయ, ఒక ఇంట్లో ఏమీ లేదు, ఒక ఇంట్లో అంతే లేదు. అందుకని అనంతాన్ని సున్నాతో గుణిస్తే ఎంత అని ఎవురన్నా అడిగితే, చెప్పలేం అనాల. అవి యే దోవన వచ్చినాయో అడగాల."

ముక్క నోట్లో వేసుకుని, పులుపుకు కళ్లు మూసి, కాసేపటికి గోడ మీద బ్రేకరు పెట్టె వైపు చెయ్యి చూపాడు. "ఈడ మన వల్ల తప్పు జరిగేదానికి ఆస్కారం ఎంత? పదివేల సార్లకు ఒకసారి కూడా ఉండదు. సున్నా అనుకో. జరిగితే పోయేది ఎంత? దానికి లెక్కే లేదు. ఇప్పుడు గుణించి సూడు."

నేను గుణించలేదు. ముసలాయనకు అనుమానం పెనుభూతమైందని మనసులో అనుకున్నాను.

ఇక క్యారియర్ల సంగతి. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్లో ఆ ఫీడరుకు కరెంటు ఆపించుకోవాలి. ఆపినట్టు ఆపరేటరు పుస్తకంలో రాస్తాడు, లైన్‌మన్ సంతకం పెడతాడు. దాన్ని ఎల్సీ తీసుకోవడం అంటారు. పని ముగిశాక, తీసుకున్న మనిషే వచ్చి సంతకం పెట్టి తిరిగిస్తేనే కరెంటు వదలాలి. రూలు అంతవరకే. ఆయన దానికి తన సొంత రూలు ఒకటి తగిలించాడు. బ్రేకరు పక్కన గోడకు వరసగా ఆరు మేకులు కొట్టించాడు. ఎల్సీ తీసుకుని పోయే ప్రతి మనిషీ తన అన్నం క్యారియరు ఆ మేకుకు తగిలించి పోవాలి. క్యారియరు గోడ మీద ఉన్నంతసేపూ దేవుడే దిగొచ్చి అడిగినా ఆయన కరెంటు వదలడు.

"మనిషి సంతకం మర్చిపోతాడప్పా" అనేవాడు. "ఆకలి మర్చిపోడు."

లైన్‌మన్లు సణుక్కునేవాళ్లు. ఎండలో పదిమైళ్లు తిరిగి అన్నానికి ఇక్కడికే రావాలా అని. అందరికంటే ఎక్కువ సణిగేది మునిరత్నం. నాకంటే నాలుగేళ్లు పెద్దవాడు, నవ్వితే మొహమంతా పళ్లే. "సామీ, ఈ ముసలాయన నా సంగటిని జైల్లో పెడతాండాడు" అని నాతో అంటూనే, క్యారియరు మాత్రం మేకుకు తగిలించి పోయేవాడు. అలవాటుకు దండం పెట్టినట్టు చేసేవాడు.

ఆ రోజు మే నెల. పదకొండేళ్లయింది. పొద్దున షిఫ్టు నాది, ఒంటిగానే ఉన్నాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి మా ఫీడరు మీద ఉండేది. ఇంకో లైన్‌మన్ పదిగంటలకు ఎల్సీ తీసుకుని, క్యారియరు తగిలించి, ఇన్సులేటరు మార్చడానికి పోయాడు. పదకొండు నుంచి ఫ్యాక్టరీ మేనేజరు ఐదు నిమిషాలకోసారి ఫోను. కాయ మాగిపోతోంది, కూలీలు ఊరికే కూర్చున్నారు, మీ పై ఆఫీసరుకు చెప్తాను. పన్నెండు దాటాక, నేను ఆ మేనేజరుతోనే మాట్లాడుతుండగా మునిరత్నం లోపలికొచ్చాడు. ఫీడరు ఎట్లాగూ ఆపే ఉంది కదా, మామిడితోపు దగ్గర తీగ ముక్క ఒకటి ఊడింది, బిగించేసి వస్తాను, దానికి మళ్లీ పుస్తకం ఎందుకులే అన్నాడట. అన్నాడట అని ఎందుకంటున్నానంటే, చెవిలో మేనేజరు అరుపులు తప్ప నాకు ఏమీ వినపడలేదు. ఏదో అన్నాడని తెలిసి తల ఊపాను. అతను క్యారియరు మేకుకు తగిలించి వెళ్లిపోయాడు. తగిలించడం నేను చూడలేదు.

ఒంటిగంటా ఐదుకు మొదటి లైన్‌మన్ వచ్చి, సంతకం పెట్టి, తన క్యారియరు తీసుకుని ఇంకో ఊరికి పోయాడు. పుస్తకంలో బాకీ ఎల్సీ ఒక్కటీ లేదు. మళ్లీ ఫోను మోగింది.

గోడ మీద ఇంకో క్యారియరు ఉండటం నేను చూశాను. చూడలేదని ఎన్నడూ అబద్ధం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. లైన్‌మన్లు ఖాళీ క్యారియర్లు మర్చిపోయి పోవడం మామూలే. అది నిన్నటిది అనుకున్నాను. లేచి రెండడుగులు వేసి ఎత్తి చూస్తే బరువుకే తెలిసిపోయేది. ఎత్తలేదు. ఒంటిగంటా పదికి బ్రేకరు వేశాను.

మీటరు ముల్లు లేచి నిలబడింది. ఫోను ఆగింది. ఒళ్లంతా తేలికైంది. ఆ హాయి నాకు ఇప్పటికీ గుర్తుంది, గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ఆయన అప్పటికే వచ్చి బయట ఆవరణలో ఎర్త్ తీగలు పాతిన గుంతలకు బకెట్టుతో నీళ్లు పోస్తున్నాడు. ఎండాకాలం రోజూ చేసే పని అది. ఖాళీ బకెట్టుతో లోపలికొచ్చాడు. ముల్లు చూశాడు. మేకు చూశాడు. బకెట్టు కింద పెట్టి, నడిచి వెళ్లి, క్యారియరును అడుగున చెయ్యి పెట్టి ఎత్తాడు.

"ఇది బరువుగా ఉండాది" అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేలోపే ఇంకో చేత్తో బ్రేకరు పడేశాడు. ముల్లు కిందికి వాలింది. ఒంటిగంటా పన్నెండు.

"ఎవురిది?"

"మునిరత్నందేమో... ఎల్సీ తీసుకోలేదు సార్. ఏదో చెప్పినాడు. నాకు వినపళ్లేదు."

"యాడికి పోయినాడు?"

"తెలీదు."

నిజంగానే తెలియదు. నేను ఫోను తీసి మునిరత్నానికి కొట్టాను. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి కొట్టబోతే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "స్తంభం మీదున్న మనిషికి ఫోను చేయగూడదు. పైన ఉంటే, జేబులోంచి తీసేదానికి ఒక చెయ్యి వదుల్తాడు. వద్దు."

వాచ్‌మన్ తాతను పిలిచి, మునిరత్నం ఎక్కడున్నాడో లైను వెంబడి చూసి రమ్మని మోపెడ్ మీద పంపాడు. ఎందుకో చెప్పలేదు. నేనూ పోతానన్నాను. "నీ కాళ్లు సూడు" అన్నాడు. చూసుకున్నాను. కూర్చున్నాను.

ఆయన క్యారియరు ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు, మూత మీద చిన్న సొట్ట. ఇంకా వెచ్చగా ఉందేమో, రెండు చేతులూ దాని చుట్టూ వేసి ఉంచాడు. ఆ తర్వాత నలభై నిమిషాలు ఆ గదిలో ఏం జరిగిందని అడిగితే, ఏమీ జరగలేదు.

"బ్రేకరు దానంతటది పడిపోలేదు కదా సార్" అన్నాను కొంచెంసేపటికి. మనిషి లైనుకు తగులుకుని ఉంటే పడిపోయి ఉండేదని నా ఆశ.

"పడొచ్చు, పడకపోవచ్చు. దాన్ని నమ్ముకోవద్దు."

మేనేజరు ఫోను. ఆయనే తీశాడు. విని పెట్టేశాడు. తర్వాత పై ఆఫీసరు ఫోను. అవతలి గొంతు నాకు కూడా వినిపిస్తోంది, ఫీడరు మళ్లీ ఎందుకు ఆగిందని.

"ఒక క్యారియరు ఉండాది సార్" అన్నాడు ఆయన.

"ఏం క్యారియర్?"

"అన్నం క్యారియరు సార్. మనిషి వచ్చి తీసుకున్నాక వదుల్తాం."

అవతలివాడు ఏమేం అన్నాడో, ఈయన ప్రతిదానికీ "సరే సార్" అన్నాడు గాని లేచి బ్రేకరు వైపు పోలేదు. ఫోను పెట్టేశాక గదిలో మళ్లీ గడియారం చప్పుడు. మునిరత్నానికి ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది వచ్చే నెల బడిలో చేరబోతోంది. ఫోటో చూపించాడు. నేను ఆ ఫోటో తప్ప ఇంకేదైనా గుర్తు తెచ్చుకోవాలని చూశాను. వీలుకాలేదు.

"ఏమైంటాది సార్?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లవాడి గొంతులా వినిపించింది.

ఆయన నావైపు చాలాసేపు చూశాడు. కోపం లేదు. ఆయనకు నాకంటే ఎక్కువ భయంగా ఉందని అప్పుడు తెలిసింది. క్యారియరు మూత మీద ఆయన బొటనవేలు ఆ సొట్ట చుట్టూ తిరుగుతూనే ఉంది.

"చెప్పలేం" అన్నాడు.

రెండు కావడానికి పదినిమిషాలుందనగా బయట బండి ఆగింది. మేమిద్దరం లేవలేదు. లేచి చూసే ధైర్యం ఇద్దరికీ లేదు. వచ్చింది తాత అయితే, ఏ మొహంతో వస్తాడో అని. తలుపులో నిలబడి చొక్కాతో మొహం తుడుచుకుంటున్నది మునిరత్నం.

"కటింగ్ ప్లేరు జారి కంపసెట్లో పడిపాయ సామీ. దిగి దాన్ని ఎతికేసరికి దేవుడు కనపడినాడు. మళ్లీ ఎక్కి బిగించి వచ్చేసరికి ఈ పొద్దు. ఆకలి సంపేస్తాంది, ఇయ్యండి నా సంగటి."

ఆయన లేచి, క్యారియరు రెండు చేతులతో అందించాడు, ప్రసాదం ఇచ్చినట్టు. మునిరత్నం నేల మీద కూర్చుని గిన్నెలు విప్పాడు. సంగటి, పప్పు, ఊరిమిండి పచ్చడి. ఆయన తన సంచిలోంచి ఊరగాయ తీసి మూతలో వేసి, ఎదురుగా గొంతుక్కూర్చుని, అతను తిన్నంతసేపూ చూశాడు. ముద్ద మింగిన ప్రతిసారీ ఈయన గొంతు కూడా కదిలింది. నేను ఆయన కింద పెట్టిన బకెట్టు తీసుకుని బయటికి పోయి, మిగిలిన ఎర్త్ గుంతలకు నీళ్లు పోశాను.

తాత తిరిగొచ్చి, రోడ్డు మీంచి చూస్తే లైను మీద ఎవరూ కనపడలేదన్నాడు. మునిరత్నం తిని, చెయ్యి కడుక్కుని పోయాడు. అప్పుడు ఆయన కరెంటు వదిలి, షిఫ్టు పుస్తకం తెరిచి రాశాడు. ఒంటిగంటా పదికి ఆన్. ఒంటిగంటా పన్నెండుకు చేత్తో ఆఫ్. కారణం: ఒక క్యారియరు. నా పేరు రాయలేదు, దాచనూ లేదు. షిఫ్టు ఎవరిదో పై వరుసలో ఉండనే ఉంది.

"ఈ పొద్దు గుణిస్తే సున్నా వచ్చింది" అన్నాడు పుస్తకం మూస్తూ. "రేపు కూడా సున్నానే వస్తాదని అనుకోవద్దు."

"మునిరత్నానికి చెప్పాల్నా సార్?"

ఆయన చెవి మీద పెన్సిలు సర్దుకున్నాడు. "అది నువ్వు తీసుకున్న ఎల్సీ. తీసుకున్నోడే తిరిగియ్యాల. నేనిచ్చేది కాదు."

ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు. రిటైరయ్యాక కూడా ఎత్తలేదు. పోయిన ఏడు బాత్‌రూములో జారి చెయ్యి విరగ్గొట్టుకుని పుత్తూరు కట్టు కట్టించుకున్నాడని తెలిసి చూడటానికి వెళ్లాను. గుడ్డలు, బద్దలు, పసరు వాసన. మూడో కట్టు విప్పే రోజు కూడా నేనే తీసుకుపోయాను. కట్టు కట్టే పెద్దాయన ఎముక అతుక్కుందని చెబితే, ఈయన వెంటనే, "సూసినావా, అనుకున్నావా?" అన్నాడు. ఆ పెద్దాయన నవ్వి, ఈయన వేళ్లు ఒక్కొక్కటే వంచి చూపించాడు. వస్తూ బస్సులో నా వంక తిరిగి, "మునిరత్నం బాగుండాడా?" అని అడిగాడు. అంతే. ఆ అడగటం ఎందుకో నాకు తెలుసు. బాగున్నాడు సార్ అన్నాను. చెప్పావా అని ఆయన అడగలేదు. చెప్పలేదని నేను అనలేదు.

ఎందుకు చెప్పలేదంటే, ఏం చెప్పను? మునిరత్నం పెద్దకూతురు పెళ్లికి పందిట్లో వడ్డన చేసింది నేను. మా అబ్బాయికి జ్వరం ముదిరితే తిరుపతి ఆసుపత్రికి తన బండి మీద తీసుకుపోయింది అతను. అతను నాతో నవ్విన ప్రతిసారీ నాకు మేకు మీది క్యారియరే కనిపించింది. జరగనిదానికి క్షమాపణ ఎలా అడగాలో నాకు తెలియలేదు. ఆ సంగతి తెలిసిన రెండో మనిషి ఉన్నంతకాలం, బరువు ఇద్దరం మోస్తున్నట్టుండేది. ఇప్పుడు ఆయన పోయాడు.

చిత్తూరులో వాళ్ల సందు ఇరుకు. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు. పన్నెండుకల్లా తీసుకుపోయి, కార్యం ముగించి వచ్చాం. మునిరత్నం ఇప్పుడు చిత్తూరులోనే లైన్ ఇన్‌స్పెక్టరు. డ్యూటీ మధ్యలో వచ్చాడు, బండికి అదే సొట్ట క్యారియరు తగిలించి ఉంది. స్నానం చేసి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. గాలి లేచింది, షామియానా గుడ్డ కొట్టుకుంటోంది.

నేను అతని మొహం చూడకుండా చెప్పేశాను. మేనేజరు ఫోను, తల ఊపడం, క్యారియరు చూసీ ఎత్తకపోవడం, ఒంటిగంటా పది, ఒంటిగంటా పన్నెండు. చెబుతుంటే రెండు నిమిషాలు కూడా పట్టలేదు.



"తెలుసప్పా" అన్నాడు మునిరత్నం.

నాకు అర్థం కాలేదు.

"నేను కంపసెట్లో ప్లేరు ఎతుకుతాండా. తోపులో బోరు మోటారు కరెంటొచ్చి ఎత్తుకుంది. తలెత్తి సూసినా. నీళ్లు పడతాండాయి. నేను అంతకు ముందు యాడ చెయ్యి పెట్టి ఉంటినో ఆ తీగనే సూస్తా నిలబడినా. రొంతసేపటికి మోటారు ఆగిపాయ. అయినా నేను కదల్లే. అరగంట ఆ స్తంభం కింద్నే కూసున్నా. మళ్లీ ఎక్కేదానికి కాళ్లు రాలేదు. ఎక్కి బిగించినా అని మీకు చెప్పింది అబద్ధం, మర్నాడు ఎల్సీ తీసుకుని బిగించినా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"సంతకం పెట్టకుండా పోయింది నేను గదా. నా తప్పు నాకుండాది. నీకు తెలీదేమో, తెలిస్తే నీకు చేతులు వణుకుతాయేమో అనుకున్నా. చేతులు వణికే ఆపరేటరుతో మాకేం పని" అని నవ్వబోయి ఆగిపోయాడు. "సారు నేను తింటాంటే సూసినాడు సూడు, అప్పుడే తెలిసిపాయ ఆయనకి తెలుసని. అన్నం గొంతు దిగలేదు ఆ పొద్దు. ఆయన కోసరం తిన్నా."

మేమిద్దరం పొద్దున సారును పడుకోబెట్టిన ఖాళీ చాపను చూస్తూ కూర్చున్నాం. పదకొండేళ్లు ముగ్గురం ఒకరితో ఒకరం అనకుండా ఒకే బరువు మోశాం. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను.

అంతలో అతని ఫోను మోగింది. గాలికి ఎక్కడో చెట్టుకొమ్మ విరిగి లైను మీద పడిందట, మనుషులు చాలడం లేదట. మునిరత్నం లేచాడు. బండి దగ్గరికి పోయి, ఏమనుకున్నాడో, క్యారియరు విప్పుకుని వెనక్కి వచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఈ ఫీడరు నాది కాదు కదా మునిరత్నమన్నా. నేను డ్యూటీలో కూడా లేను."

"తెలుసు. ఆడ ఎల్సీ తీసుకుంటా, సంతకం పెడతా. అయినా ఇది నీకాడ పెట్టుకో" అని వెళ్లిపోయాడు.

ఎత్తి చూశాను. బరువుగానే ఉంది. రెండు చేతులూ దాని చుట్టూ వేసుకుని కూర్చున్నాను. ఇంట్లోంచి సారు భార్య వచ్చి నా ఒళ్లోకి చూసింది. పక్క కుర్చీలో కూర్చుంది. ఒంటిగంటన్నర అయింది. రెండయింది. గాలి ఆగడం లేదు. ఫోను తీశాను, నంబరు దాకా పోయి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. రెండున్నరకు క్యారియరు చల్లబడింది. ఆమె గోడ వంక చూస్తూ, తనలో తాను అనుకున్నట్టు, "ఆకలేస్తే వస్తాడులే నాయనా" అంది.

మూడు దాటాక సందు మొదట్లో బండి చప్పుడు వినిపించింది. మునిరత్నమే అనుకున్నాను.

లేచి, క్యారియరు పట్టుకుని, సందు మలుపు దాకా పోయి, బండి దిగుతున్న మునిరత్నాన్ని చూశాను.